అత్త సాక్ష్యం

అత్త చనిపోయిందని ఫోన్ వచ్చిన రోజు, కన్నీళ్ళు రాకముందే నేను ల్యాబ్ రిజిస్టరు తీశాను. గిద్దలూరులో ఆసుపత్రులన్నీ ఉన్న వీధిలో ఒక మేడ కింద రెండు గదుల ల్యాబ్ మాది. రక్తం, మూత్రం, మలం పరీక్షలు నేను చేస్తాను. ఆరేళ్ళ రిజిస్టర్లు బల్ల మీద పరిచి, అత్త పేరున్న వరసలన్నీ వేలు పెట్టి వెతికాను. ఎక్కడో ఒకచోట ఏదో సరిగ్గా చూసి ఉండను, అది దొరికితే ఈమె ఎందుకు పోయిందో తెలిసిపోతుంది అనిపించింది. ప్రతిచోటా నా చేతిరాతలో ఒకే మాట ఉంది, నార్మల్ అని. ఫోన్ చేసిన మా వదిన అప్పటికే చెప్పింది, మిరప చేలో ఎండదెబ్బ తగిలి పోయిందని. ఎండదెబ్బకూ మలపరీక్షకూ ఏం సంబంధం? అయినా పేజీలు తిప్పుతూనే ఉన్నాను. అనుమానం అంటురోగం కాదంటారు. ఆమెది నాకు శుభ్రంగా అంటుకుంది.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. కొమరోలు నుంచి గిద్దలూరు వచ్చే రోడ్డు మీద మా ఊరు. మా చర్చికి వచ్చే ఆడవాళ్ళలో నాకు అత్తో పెద్దమ్మో వదినో కానివాళ్ళు లేరు. ఈమె అత్త వరస. పత్తి తీతలకూ మిరప కోతలకూ కూలికి పోయేది. పొడుగు మనిషి, చేతులు ఇంకా పొడుగు. ఆమెను తలుచుకుంటే ముఖం కన్నా ముందు కుడి చెయ్యి గుర్తొస్తుంది. బొడ్డుకు ఎడమపక్క అరచెయ్యి ఆనించి, తల ఒక పక్కకు వంచి నిలబడేది, లోపల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. మనం ఏదో చెబుతుంటే మధ్యలో ఆపేసేది. "ఉండు పాపా, ఏందో అంటాంది" అనేది. ఆమె కడుపు చెప్పేది అయ్యేదాకా మనం నోరు మూసుకుని ఆగాలి. కొన్నిసార్లు నాకు నవ్వొచ్చేది. చాలాసార్లు విసుగొచ్చేది.

పొద్దున నేను బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి, పని ఉన్నా లేకపోయినా ఆమె అక్కడ ఉండేది. నన్ను చూడగానే నోరు తెరిచి నాలుక బయటపెట్టేది. బడికి పోయే పిల్లలు, పాలక్యాన్లు పట్టుకున్న మగవాళ్ళు, అందరి ముందరా.

"నాలిక చూడు పాపా."

"ఎర్రగా ఉంది అత్తా. నిక్షేపంగా ఉంది."

"తెల్లగా ల్యా? సరిగ్గా చూడు. నువ్వు చూస్తావని మొగం గూడా కడుక్కోకుండా వచ్చినా."

"మొగం కడుక్కో అత్తా, దేవుడు మెచ్చుతాడు," అనేదాన్ని. ఆమె నవ్వేది, కానీ వెంటనే ఇంకోటి అడిగేది. గోళ్ళ మీద తెల్ల మచ్చ ఎందుకు వచ్చింది, నిన్న తిన్న గోంగూర ఈరోజు అట్లే ఎందుకు పడింది, ఎడమపక్క ఏదో తీగ మాదిరి చేతికి తగులుతోంది అది గడ్డ కాదు గదా. అందరికీ ఉంటుందత్తా, అది పేగు అని చెప్పేదాన్ని. అందరూ చూసుకుంటారా మరి అని ఆమె అడిగేది. నిజమే, చూసుకోరు.

పత్తి అమ్మే రోజుల్లో వ్యాపారి కాటా మా ఊరికి వచ్చేది. తూకానికి పెట్టిన పత్తి బోరాల మధ్యలో ఈమె కూడా ఎక్కి నిలబడేది. ఆ వ్యాపారి "అమ్మా, నిన్ను కొనను, దిగు" అని కేకలేసేవాడు. దిగేది కాదు. అర కిలో తగ్గితే ఆ వారమంతా మనిషి మంచం పట్టినట్టే. అర కిలో పెరిగితే, నీరు పట్టింది పాపా అనేది.

నొప్పి మాత్రం అబద్ధం కాదు. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో చాలామంది అది వట్టి భయమే అనుకున్నారు. ఒకసారి చర్చి వెనక గోడకు నుదురు ఆనించి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, పళ్ళ మధ్యలో కొంగు పెట్టుకుని నిలబడి ఉండగా నేను చూశాను. చెమటకు వీపంతా తడిసిపోయి ఉంది. నాలుగు రోజులు దొడ్డికి రాదు, అయిదో రోజు పదిసార్లు వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే ఆగదు. మూడు కాన్పులు ఒకెత్తు, ఇది ఒకెత్తు అనేది.

బస్సులో డ్రైవరు వెనక మొదటి సీటు ఆమెది. ఇంకెవరన్నా కూర్చుంటే బతిమాలి లేపేది. మనమంతా ఆ రోడ్డును ఊళ్ళ పేర్లతో గుర్తుపెట్టుకుంటాం. ఆమె కంపచెట్లతో గుర్తుపెట్టుకునేది. ఆ మలుపు మంచిది, ఈ వంక కాడ కంప దట్టంగా ఉంటాది, ఆ పెట్రోలు బంకులో దొడ్డికి తాళమేస్తారు, ఈ కల్వర్టు కింద ఎవురూ కనపడరు, ఇట్లా. కొమరోలు నుంచి గిద్దలూరు దాకా ఆమెకు తెలియని పొద లేదు.

ఒకరోజు సగం దారిలో లేచి నిలబడి, "ఆపు నాయనా, ఆపు" అంది. డ్రైవరు ఆపాడు. ఆమె పరుగెత్తింది. బస్సంతా కిటికీల్లోంచి చూసింది. వెనక సీట్లలో ఎవరో ఏదో అన్నారు, నలుగురైదుగురు నవ్వారు. ఆమె తిరిగొచ్చి మెట్టు మీదే నిలబడి అందరినీ చూసింది.

"మీకెవురికీ కడుపుల్యావా నాయనా? గోనె సంచులు కట్టుకోని పుట్టినారా?"

అప్పుడు ఇంకా నవ్వారు, ఈసారి ఆమె పక్షాన. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఈమెకూ నాకూ పరిచయం లేనట్టు. శుభ్రమైన చుడీదార్ వేసుకుని ల్యాబ్‌కు పోయేదాన్ని, ఆమె మనిషినని పదిమందికి తెలియడం ఇష్టం లేకపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె భయానికి మొదలు ఎక్కడో నాకు చాలా కాలం తెలియలేదు. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో రిపోర్టు చేతిలో పెట్టి, "నార్మల్ అత్తా, ఇంకెన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ఆ కవర్లో అట్లాంటివి బొత్తి ఉండేవి.

"మా అక్కకు గూడా అట్లనే చెప్పినాం పాపా," అంది.

ఆమె అక్కను హనుమంతునిపాడు దిక్కు ఇచ్చారు. కడుపులో నొప్పి అని మొదలైంది. డాక్టర్లు చూసి, గడ్డ, ముదిరింది అని మగవాళ్ళకు చెప్పారు. ఇంట్లో అందరూ కూర్చుని, పేషెంటుకు చెప్పకూడదని అనుకున్నారు. మన వైపు అందరూ చేసేదే అది. అక్క పక్కన పడుకుని సేవ చేసింది ఈమె. ఏమన్నారే డాక్టర్లు అని అక్క రోజూ అడిగేది. గ్యాసు అక్కా, నార్మల్ అన్నారు అని ఈమె రోజూ చెప్పేది.

"ఎంత బాగా చెప్పేదాన్నో తెలుసా పాపా? నవ్వుకుంటా చెప్పేదాన్ని. పిచ్చిది, నమ్మింది. చివర్లో గూడా గ్యాసు మాత్ర ఇయ్యే అనింది."

అంతే చెప్పి కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వుతూ నార్మల్ అని చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఏం వినపడిందో ఆరోజు అర్థమైంది. దానికి నా దగ్గర మందు లేదు. ఇంకా ఎక్కువ పరీక్షలు చేస్తే ఇంకా ఎక్కువ నార్మల్‌లు వస్తాయి, అంతే.

నంద్యాలలో కడుపు జబ్బుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. గిద్దలూరు స్టేషన్లో రైలెక్కాం. ఆమె రైలు ఎక్కడం అది రెండోసారో మూడోసారో. సీట్లు ఖాళీగా ఉన్నా దొడ్డి తలుపు పక్కనే సంచి వేసుకుని దాని మీద కూర్చుంది. పెట్టెకు నాలుగు ఉంటాయని నేను చెబితే నమ్మక, లేచి పోయి నాలుగు తలుపులూ తోసి చూసి వచ్చింది. నల్లమల సొరంగాల్లో బోగీ చీకటయ్యి మళ్ళీ వెలుగొస్తుంటే చిన్నపిల్లలా నవ్వింది. నేను తెచ్చిన ఇడ్లీ అడిగి మరీ తినింది. ప్రయాణంలో ఆమె ఏమన్నా తినడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

"ఒకసారి గూడా పోలే పాపా," అంది దిగేటప్పుడు ఆశ్చర్యంగా. "పక్కనే ఉండాదంటే రాదు. చూసినావా దాని పొగరు?"

డాక్టరు మంచివాడు. మరుసటి రోజు, కడుపు ఖాళీ చేయించి కెమెరా పరీక్ష చేసి, లోపల ఎక్కడా పుండు లేదు, గడ్డ లేదు అని ఆమెకే తెర మీద చూపించాడు. పేగు బాగుంది, దాని నడకే బాగాలేదు, అది ఊరికే ఉలిక్కిపడే రకం, భయపడితే ఇంకా ఎక్కువ ఉలిక్కిపడుతుంది అన్నాడు. నొప్పి నిజమే, మందులతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని చెప్పలేను, ప్రాణానికి మాత్రం ఏమీ కాదు, ధైర్యంగా ఉండాలి అన్నాడు. బయటికి వచ్చాక ఆమె మందుల చీటీ మడిచి కవర్లో పెట్టుకుంది.

"ప్రాణం తియ్యదంట, వదిలీ పోదంట. అచ్చం మీ మామ మాదిరే."

ఇద్దరం నవ్వుకున్నాం. స్టేషన్లో కూర్చున్నాక మళ్ళీ అడిగింది. "నిన్ను పక్కకు పిలిచి వేరేగా ఏమన్నా చెప్పినాడా పాపా? ఒట్టేసి చెప్పు." ఒట్టేశాను. ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను ఎంత బాగా అబద్ధం చెప్పగలనో కొలుచుకుంటోందని తెలిసి నాకు కోపమొచ్చింది.

ఇక ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆమె గురించి ఎవరికి చెప్పినా ఇది దాటేశాను.

కిందటి నవంబరులో మా ఊళ్ళో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు జరిగాయి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అత్త తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ తర్వాత ఆమెకు నొప్పి రాలేదు. వారం, రెండు వారాలు, నెల. ఎట్లా జరిగిందో నేను చెప్పలేను. ఆ జబ్బు అట్లాగే ఉంటుంది, కొన్నాళ్ళు మాయమై మళ్ళీ వస్తుంది అని నాకు తెలుసు. దేవుడు చేశాడు అనుకోవడానికీ నాకు అడ్డం లేదు. మనిషి ముఖం మాత్రం మారింది. బస్సులో మూడో సీట్లో కూర్చుంది ఒకరోజు.

మా చర్చిలో మేలు పొందినవాళ్ళు ఆదివారం ఆరాధనలో అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుని మేలు దాచుకున్నట్టు. అత్త భయపడింది. "ఇంకా కొన్నాళ్ళు చూద్దాం పాపా, మళ్ళా వస్తే?" అంది. అదే నీ జబ్బు అత్తా, ఆ మళ్ళా వస్తే అనేదే నీ జబ్బు అన్నాను నేను. ధైర్యంగా ఉండాలని డాక్టరు చెప్పలేదా? పదిమంది ముందు పోయింది అని నోరారా అను, నీ మనసుకు అదే పెద్ద మందు. నీ కడుపు కూడా వింటుంది అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. పుస్తకాల్లో చదివింది, చర్చిలో విన్నది రెండూ కలిపి ఒక మాత్ర చేసి ఇచ్చాను.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆమె లేచింది. ఎప్పుడూ తలుపు పక్కన చాప చివర కూర్చునేది, ఆరోజు ముందుకొచ్చి నిలబడింది. తెల్ల చీర, తలమీద కొంగు.

"ఆరేండ్లు నేను కంపచెట్ల ఎనక బతికినా," అంది. ఆడవాళ్ళు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "పెండ్లికి పోలే, చావుకు పోలే. మా తమ్ముని కొడుకు పెండ్లికి దండ తీసకపోయి సగం దారిలో వెనక్కి వచ్చినా. ఈ నలభై దినాలూ నాకు నొప్పి ల్యా. దేవుడు నన్ను చూసినాడు."

అందరూ స్తోత్రం అన్నారు. అక్కడితో కూర్చుని ఉంటే సరిపోయేది. అయ్యగారు, పాపం ఆనందం పట్టలేక, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి అడిగారు. "దేవుడు తగ్గించినాడా అమ్మా, పూర్తిగా తీసేసినాడా?"

ఆమె ఆడవాళ్ళ వరసలో నేను ఎక్కడున్నానో వెతికింది. కళ్ళు కలిశాయి. నేను తల ఊపాను.

"పూర్తిగా తీసేసినాడు అయ్యగారూ," అంది.

ఆ రోజు నుంచి ఆమె మా ఊరి సాక్ష్యం అయిపోయింది. పక్క ఊళ్ళ కూటాలకు పిలిచారు. వెలిగండ్ల దాకా జీపులో తీసుకుపోయారు. కడుపునొప్పి ఉన్నవాళ్ళు ఇంటికి వచ్చి ఆమె చేత ప్రార్థన చేయించుకునేవాళ్ళు. ఆమె భర్త, నాకు మామ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకు తనే ఆ కథంతా చెప్పేవాడు. ఇన్నేళ్ళూ ఆమెకు ఏం చేయాలో తెలియక నలిగినవాడు. ఆమె కన్నా ఆయనకే ఎక్కువ నయమైనట్టు కనిపించాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ల్యాబ్‌లో ఎవరూ లేని వేళ చూసి అత్త వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది.

"వచ్చినాది పాపా."

"ఎవరు?"

"అదే."

నేను కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఎప్పటి నుంచి అని అడిగాను. వెలిగండ్లకు పోయిన జీపులోనే మొదలైందంట. దిగుతానని చెప్పలేకపోయింది. స్వస్థత పొందినామె అని మైకులో పిలుస్తుంటే, కడుపులో మెలిపెడుతుంటే, స్టేజీ మీద నిలబడి చెప్పింది. ఇంటికొచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు. జబ్బున్నవాళ్ళు వస్తే వాళ్ళ పొట్ట మీద ఒక చెయ్యి పెట్టి, తన పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. వాళ్ళు అదొక పద్ధతి అనుకుంటున్నారు.

"సాక్ష్యం వెనక్కి తీసుకోవచ్చునా పాపా?" అని అడిగింది.

"అంగట్లో కొన్న రవికె గుడ్డ అనుకున్నావా అత్తా, రంగు నచ్చలేదని వెనక్కి ఇచ్చేదానికి?" అన్నాను. అలవాటు కొద్దీ వచ్చిన మాట. ఆమె నవ్వలేదు.

"నేను అబద్ధం చెప్పినట్టా?"

"కాదు. ఆరోజు నిజమే కదా."

"ఆ పొద్దు నిజమే. ఇప్పుడు లేచి మళ్ళా వచ్చింది అంటే అయ్యగారు ఏమంటాడు?"

"విశ్వాసం తక్కువైంది అంటారేమో."

"మీ మామ?"

నేను బల్ల మీద రిజిస్టరు సర్దాను. అయినా అయ్యగారితో చెబుదాం పద అనాల్సింది. నేను వస్తాను నీతో, తల ఊపింది నేనే అని చెబుతాను అనాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఊళ్ళో మా అమ్మా నాయనా ఉన్నారు, అయ్యగారి ముందు మా మర్యాద ఉంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు అత్తా, మళ్ళీ తగ్గుతుందేమో అన్నాను. ఆరేళ్ళలో ఆమె మొదటిసారి భయపడాల్సిన దానికి భయపడుతుంటే నేను చెప్పింది అది.

పరీక్ష చెయ్యమంది. పేరు మాత్రం వేరేది రాయమంది, రిజిస్టరు ఎవరన్నా చూస్తారని. ఏం పేరు రాయను అంటే వాళ్ళ అక్క పేరు చెప్పింది. నేను రాశాను. సాయంత్రం రిపోర్టు తీసుకోవడానికి వచ్చి, పేరున్న చోట వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అక్కకు ఏం ల్యా అని వచ్చిందా?"

"ఏమీ లేదత్తా. నార్మల్."

"బాగుండాది," అంది. ఆ కాగితం ఒక్కటే ఆమె నమ్మిందనుకుంటాను.

మార్చిలో మిరప కోతలు మొదలయ్యాయి. ఒక సాలుకు ఒక మనిషి చొప్పున పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వంగి కోసుకుంటూ పోతారు. మధ్యలో ఎవరు లేచి గట్టు దాటినా మిగతా పదకొండు మందికీ తెలుస్తుంది. ఇదివరకైతే అత్త లేచి పోతుంటే వాళ్ళే ఆమె సాలు కోసి పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆమె లేవకూడదు. బస్టాపులో ఒకరోజు కనిపిస్తే ఎట్లా పోతున్నావత్తా పనికి అని మెల్లగా అడిగాను. ఆమె ఇప్పుడు నాలుక చూపించడం లేదు. నొప్పి ఉంటే చెయ్యి కూడా పొట్ట మీదికి పోనివ్వడం లేదు, కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంటోంది.

"రెయ్యి నుంచి ఏం తినను, పొద్దున నీళ్ళు ముట్టను. లోపలికి పోకుంటే బయటికి రాదు గదా. ఇంటికొచ్చినాక తాగుతా."

"ఈ ఎండల్లో అట్లా చెయ్యకూడదు అత్తా. చచ్చిపోతావు."

"డాక్టరు చెప్పినాడు గదా, దీంతో చావనని," అంది. బస్సు వచ్చింది, నేను ఎక్కేశాను.

ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. ఏప్రిల్లో ఆఖరు కోత. ఆ రోజు పదకొండింటికే గాలి నిప్పులా ఉందట. అత్త తన సాలు అందరికన్నా ముందు పూర్తి చేసి గట్టు మీద పడుకుంది. నిద్రపోయిందనుకున్నారు. అన్నం తినడానికి లేపితే ఎవరో తెలియనట్టు చూసి, అక్కా అని పిలిచిందట. ఒళ్ళు కాలిపోతోంది, చుక్క చెమట లేదు. ఆటోలో వేసుకుని వస్తుంటే దారిలోనే పోయింది. ఆ ఆటో మా వీధిలోకే వచ్చింది, మా ల్యాబ్ ముందు నుంచే. నేను లోపల ఎవరికో రక్తం తీస్తున్నాను.

మూడో రోజు ఇంటి ముందు టెంటు వేసి ఆదరణ కూటం పెట్టారు. అయ్యగారు మాట్లాడుతూ ఏడ్చారు. మన సహోదరి రోగంతో పోలేదు, దేవుడు ఆమె రోగాన్ని తీసేసి స్వస్థురాలిగా పిలుచుకున్నాడు అన్నారు. ఆమెన్ అన్నారందరూ. నేనూ అన్నాను. జనమంతా భోజనాలకు లేచాక మామ నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు. ఆయన గడ్డం మూడు రోజులది. చేతిలో రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా ఉంది, చుట్టూ గుడ్డ చుట్టి కుట్టి ఉంది.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి. ఒకటడుగుతా, దాచకుండా చెప్పు."

"అడుగు మామా."

"దానికి నొప్పి పోయింది గదా? పూర్తిగా పోయింది గదా?"

"పోయింది మామా."

"నాకు అదొక్కటే చాలమ్మా. ఆరేండ్లు ఏడ్చింది. పొయ్యేటప్పుడన్నా నొప్పి ల్యాకుండా పోయింది." ఆయన సీసాను రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "ఈ సీసా ఆ పొద్దు నేనే నింపి ఇచ్చినా. సల్లగా ఉంటదని గుడ్డ తడిపినా. ఆడోళ్ళు సంచితో పాటు తెచ్చిచ్చినారు. చూడు, చుక్క తగ్గలే. అంత ఎండలో అది నీళ్ళెందుకు తాగలే పాపా?"

సీసా మెడదాకా నిండుగా ఉంది. జవాబు నాకు తెలుసు. మా ఊళ్ళో ఆ జవాబు తెలిసింది నాకొక్కదానికే. అది చెబితే ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఊరట లాగేసుకున్నట్టు. చెప్పకపోతే ఆమె పడింది ఎవరికీ తెలియకుండా మట్టిలో కలిసిపోయినట్టు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు.

"పనిలో పడి మరిచిపోయి ఉంటాది మామా," అన్నాను.

"అంతేనంటావా?"

"అంతే మామా. ఇంకేం ల్యా."

ఆయన నమ్మాడు. నేను ల్యాబ్‌లో పని చేస్తాను కదా, మా ఊళ్ళో నా మాట నమ్ముతారు.